బేలర్‌లో రెండు రిలీజియన్ కోర్సులు, చాపెల్ తప్పనిసరి అంటున్నారు. అమ్మాయిని పంపాలా?

ఫ్రిస్కో నాన్న

నమస్కారమండీ అందరికీ. మా పెద్దమ్మాయి కాలేజీ విషయం ఇంట్లో పది రోజులుగా నలుగుతోంది, ఎటూ తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. తనకి బయాలజీ చదివి తర్వాత మెడిసిన్‌కి వెళ్లాలని ఉంది. ఇక్కడి పబ్లిక్ (ప్రభుత్వ) యూనివర్సిటీ యూటీ డల్లాస్‌లో సీటొచ్చింది, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. వేకోలో బేలర్ యూనివర్సిటీలో కూడా వచ్చింది. వాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు కానీ ప్రైవేటు కదా, మన చేతి నుంచి పడేది ఎక్కువే. దాని మనసు మాత్రం బేలర్ మీదే ఉంది.

మొన్న శనివారం డిగ్రీ ప్లాన్ ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. సైన్సు, లెక్కల కోర్సులకి పసుపు హైలైటర్, మిగతావాటికి గులాబీ రంగు గీయమన్నాను. గీశాక చూస్తే గులాబీ రంగు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ కనిపించింది. ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర, అమెరికా రాజ్యాంగం, విదేశీ భాష, ఇవి కాక క్రిస్టియన్ స్క్రిప్చర్స్ అని ఒకటి, క్రిస్టియన్ హెరిటేజ్ అని ఇంకొకటి, మూడేసి క్రెడిట్లు. ఆపైన రెండు సెమిస్టర్లు చాపెల్, అంటే వాళ్ల ప్రార్థన సభ.

నేను ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత ఇంజనీరింగ్. చరిత్ర పుస్తకం పదో తరగతిలో మూశాను, మళ్లీ తెరిచింది లేదు, దానివల్ల ఉద్యోగానికి ఏ లోటూ రాలేదు. డాక్టరవ్వాల్సిన పిల్ల ఇవన్నీ ఎందుకు చదవాలి, వాటికి మనం ఎందుకు ఫీజు కట్టాలి అన్నది నా బాధ. వాళ్లమ్మ బాధ వేరు. మేం హిందువులం, ఇంట్లో రోజూ దీపం పెట్టుకుంటాం. వేరే మతమంటే మాకు చిన్నచూపు లేదు, మా ఊళ్లో చర్చి వాళ్ల బడిలోనే నేను అక్షరాలు దిద్దాను. కానీ పద్దెనిమిదేళ్ల పిల్లని ఇంటికి దూరంగా పంపి, చాపెల్‌లో కూర్చోబెడితే ఒత్తిడి ఉంటుందేమో అని టెన్షన్ పడుతోంది. ఆ రెండు కోర్సులూ ఏపీ (హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు) క్రెడిట్లతో తప్పించుకోవచ్చా? అక్కడ చదివితే ఆ పేరు మీద బేలర్ మెడికల్ కాలేజీలో సీటు సులువవుతుందని ఒకాయన అన్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

హ్యూస్టన్ అక్క

అన్నయ్యా, నేను బేలర్‌లోనే చదివాను, మాదీ మీలాంటి ఇల్లే, అమ్మ నా సూట్‌కేసులో వెంకటేశ్వరస్వామి పటం పెట్టి పంపింది. నాలుగేళ్లూ అది నా టేబుల్ మీదే ఉంది, ఎవరూ తీసెయ్యమనలేదు.

ముందు చాపెల్ గురించి. దానికి క్రెడిట్లు ఉండవు, పరీక్ష ఉండదు, హాజరే లెక్క. పాటలు ఉంటాయి, ప్రార్థన ఉంటుంది, ఎవరో ఒకరు వచ్చి మాట్లాడతారు. నేను పాడలేదు, తల వంచుకుని కూర్చున్నాను, అంతే. ఇప్పుడు చాపెల్‌లో ఎలాంటి ఎంపికలు ఇస్తున్నారో వెళ్లినప్పుడు అడగండి. స్నేహితులు ఆదివారం చర్చికి రమ్మని పిలవడం మాత్రం ఉంటుంది, అది వాళ్ల మామూలు ఆప్యాయత. రాను అంటే మళ్లీ సోమవారం కలిసే భోజనం చేసేవాళ్లం. మీ అమ్మాయి "వద్దు" అని నవ్వుతూ చెప్పగలిగే పిల్లేనా అన్నది మీరే చూసుకోవాలి, అది మీకు తప్ప ఎవరికీ తెలీదు.

ఇక ఆ స్క్రిప్చర్స్ కోర్సు. నేనూ మొదట్లో మీలాగే విసుక్కున్నాను, ఆర్గానిక్ కెమిస్ట్రీకి టైం చాలట్లేదు, దీనికెక్కడ చదివేది అని. పాత నిబంధన, కొత్త నిబంధన రెండూ చదివిస్తారు. ఎవరు రాశారు, ఏ కాలంలో, ఎవరి కోసం, ఈ మాట ఇక్కడ ఎందుకుంది అని అడుగుతారు. నువ్వు నమ్ముతున్నావా లేదా అన్న ప్రశ్న నాకు ఏ పరీక్షలోనూ రాలేదు. ఒక రోజు రూత్ కథ వచ్చింది. భర్త చనిపోయిన రూత్ అత్తగారు నయోమిని వదలకుండా ఆవిడ వెంట బేత్లెహేముకి వస్తుంది, తినడానికి ఏమీ ఉండదు, యవల కోతలప్పుడు కోసేవాళ్ల వెనక నడుస్తూ కింద పడిన వెన్నులు ఏరుకుంటుంది. పొలం అంచుల దాకా కోసుకోవద్దు, రాలినవి పేదవాళ్లకీ పరదేశులకీ వదిలెయ్యండి అని లేవీయకాండంలో చెప్పిన పద్ధతి అది. అలా ఏరుకోవడాన్ని ఇంగ్లీషులో గ్లీనింగ్ అంటారు, ప్రొఫెసర్ ఆ మాటకి అర్థం వివరిస్తుంటే క్లాసులో ఎవరికీ బొమ్మ కట్టట్లేదు, అందరూ సూపర్ మార్కెట్లో గోధుమపిండి కొనే ఇళ్ల పిల్లలే. నాకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. పరిగె! మా అమ్మమ్మ వాళ్లది తణుకు దగ్గర పల్లె. వరికోతలయ్యాక ఆడవాళ్లు, పిల్లలు చేలో పరిగె ఏరుకోవడం, ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చి నలుపుకోవడం ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. చెయ్యెత్తి అదంతా చెప్పాను. ఆయన బోర్డు మీద తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయించారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి తెలుగు బైబిల్లో ఆ చోట ఏముందో చూడమని నాన్నని అడిగితే, పక్కింటి ఆంటీని అడిగి చూశారు. అందులోనూ పరిగె అనే ఉంది. నా ఆఖరి పేపరు దాని మీదే రాశాను. ఆ సెమిస్టర్లో నా సైన్సు కోర్సుల్లో ఏం చెప్పారో ఇప్పుడు సగం గుర్తులేదు అన్నయ్యా, ఇది మాత్రం ఉంది.

డల్లాస్ అడ్వైజర్

నేను పన్నెండేళ్లుగా ఒక కమ్యూనిటీ కాలేజీలో పిల్లలకి డిగ్రీ ప్లాన్లు వేసిస్తున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

సార్, మీ లెక్కలో ఒక పెద్ద పొరపాటుంది. గులాబీ రంగు బేలర్‌కే ఉందనుకుంటున్నారు. యూటీ డల్లాస్ ప్లాన్‌కి కూడా అదే హైలైటర్ గీయించండి. టెక్సాస్‌లో పబ్లిక్ యూనివర్సిటీ ఏదైనా సరే 42 క్రెడిట్ల కోర్ (ఏ సబ్జెక్టు వాళ్లైనా చదవాల్సిన కోర్సులు) ఉంటుంది, ఎక్కువ డిగ్రీలు 120 క్రెడిట్లు, అంటే మూడో వంతుకి పైనే. అందులో అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6, ఇవి రాష్ట్ర చట్టం పెట్టినవి, టెక్సాస్ రాజ్యాంగం కూడా చదవాలి. కళలకి 3, తత్వశాస్త్రం సాహిత్యం లాంటివాటికి 3. ఇక్కడ ఇంజనీరింగ్ పిల్లలకీ ఇది తప్పదు. అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ అంటేనే ఇలా ఉంటుంది, మన ఇంటర్ గ్రూపులాగా ఒక దారిలోకి దింపి మిగతా తలుపులు వేసెయ్యరు. క్రైస్తవ యూనివర్సిటీలో దీనికి బైబిల్, చర్చి చరిత్ర కలుస్తాయి, అంతే తేడా. కాబట్టి మీరు పోల్చాల్సింది ఆ ఆరు క్రెడిట్లనీ చాపెల్‌నీ, మొత్తం గులాబీని కాదు.

పైగా గులాబీ అంతా అదనం కాదు. కోర్‌లో సైన్సు ఖాళీలు మీ అమ్మాయి బయాలజీ, కెమిస్ట్రీతోనే నిండిపోతాయి.

ఏపీ సంగతి. ఆ రెండు రిలీజియన్ కోర్సులకి సరిపడే ఏపీ పరీక్ష లేదు, వాటిని అక్కడే చదవాలనుకుని లెక్క వేసుకోండి. చరిత్ర, ఇంగ్లీషు లాంటివాటికి ఏపీ స్కోరు పనికొస్తుంది, కానీ ఎంత స్కోరుకి ఏ కోర్సు ఇస్తారో కాలేజీ కాలేజీకీ మారుతుంది. పబ్లిక్ వాళ్లు 2015లో వచ్చిన చట్టం వల్ల మామూలుగా 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి, ప్రైవేటు వాళ్లకి ఆ కట్టుబాటు లేదు. ఇంకో మాట, ఏపీ బయాలజీ, కెమిస్ట్రీ క్రెడిట్లు వాడేసి ఆ కోర్సులు దాటేయాలని తొందరపడొద్దు, కొన్ని మెడికల్ కాలేజీలు ఆ సబ్జెక్టులు యూనివర్సిటీలో చదివి ఉండాలంటాయి.

మా అబ్బాయి అనుభవం కూడా చెప్తాను. వాడు వేరే రాష్ట్రంలో ఒక చిన్న క్రైస్తవ కాలేజీలో రెండేళ్లు చదివి ఇక్కడ పబ్లిక్ యూనివర్సిటీకి మారాడు. అక్కడ చదివిన బైబిల్, థియాలజీ తొమ్మిది క్రెడిట్లూ ఇక్కడ ఎలక్టివ్ కింద వేశారు, కోర్‌లో ఒక్క ఖాళీ నిండలేదు. మారితే ఏమవుతుందని మేం చేరేముందు అడిగాం, అక్కడి ఆఫీసులో "అన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి" అన్నారు. అవడం అంటే ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనబడటం ఒకటి, డిగ్రీకి లెక్కలోకి రావడం ఇంకొకటి అని మాకు ఆ రోజు తట్టలేదు, నేను ఇదే ఉద్యోగం చేస్తూ కూడా. వాడికి ఒక వేసవి మొత్తం పోయింది. అందుకని ఏ మాటైనా ఈమెయిల్లో రాయించుకోండి, అమ్మాయి చేరిన సంవత్సరం క్యాటలాగ్ (డిగ్రీకి ఏ కోర్సులు కావాలో రాసిన పుస్తకం) పీడీఎఫ్ దాచుకోండి. మధ్యలో రూల్స్ మారినా ఆ ఏడాది క్యాటలాగే మామూలుగా తనకి వర్తిస్తుంది.

గుంటూరు ఏసీ కాలేజీ

నేను క్రైస్తవుణ్ణి, ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో చదివాను, 1885లో పెట్టిన కాలేజీ అది. మచిలీపట్నం నోబుల్ కాలేజీ ఇంకా ముందు, 1843. మన దగ్గర మిషనరీల కాలేజీల్లో చదివిన హిందువులు, ముస్లింలు ఎందరో ఉన్నారు, మీకు తెలియంది కాదు. కానీ అక్కడి అనుభవాన్ని ఇక్కడికి తెచ్చి పోల్చకండి తమ్ముడూ. మన రాజ్యాంగంలో 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న విద్యాసంస్థలో ఎవరినీ వాళ్ల అనుమతి లేకుండా, మైనరైతే సంరక్షకుడి అనుమతి లేకుండా, మతబోధలో పాల్గొనమనడానికి లేదు. అందుకే మాకు బైబిల్ క్లాసు వేరు, మిగతా పిల్లలకి నీతిబోధ క్లాసు వేరు. అమెరికాలో ప్రైవేటు యూనివర్సిటీకి ఆ అడ్డు లేదు. చేరేటప్పుడే ఒప్పుకుని చేరుతున్నారు కాబట్టి తర్వాత మినహాయింపు అడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

క్రైస్తవ యూనివర్సిటీలన్నీ ఒకటే అనుకోవడం కూడా తప్పే. బేలర్ బాప్టిస్టులు 1845లో టెక్సాస్ ఇంకా విడి దేశంగా ఉన్నప్పుడు పెట్టింది, అన్ని మతాల పిల్లల్నీ చేర్చుకుంటుంది. ఇలినాయ్‌లో వీటన్ కాలేజీ అలా కాదు, అక్కడ విద్యార్థులు విశ్వాసానికీ నడవడికీ సంబంధించిన ఒడంబడికకి ఒప్పుకోవాలి, జనరల్ ఎడ్యుకేషన్‌కి వాళ్లు పెట్టుకున్న పేరే "క్రైస్ట్ ఎట్ ది కోర్". కాలిఫోర్నియాలో బయోలా కూడా విశ్వాసుల కోసమే. మా అమ్మాయి అలాంటి చోటే కోరి చదివింది, మాకు సంతోషమే. కానీ నమ్మకం లేని పిల్లని అక్కడికి పంపమని నేను ఎవరికీ చెప్పను, అది ఆ పిల్లకీ మంచిది కాదు, ఆ విశ్వాసానికీ గౌరవం కాదు. మీరు అడుగుతున్నది బేలర్ కాబట్టి ఆ బాధ లేదు. చెల్లెమ్మకి చెప్పండి, ఒకసారి తను కూడా వెళ్లి చాపెల్‌లో కూర్చుని చూసిరమ్మని. మనం ఇక్కడ ఎన్ని రాసినా ఆవిడ కళ్లతో చూసినట్టు ఉండదు.

సెకండియర్ మెడికో

అంకుల్, త్వరగా రెండు మాటలు, రేపు ఎగ్జామ్ ఉంది. బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్ హ్యూస్టన్‌లో ఉంది, 1969లో బేలర్ యూనివర్సిటీ నుంచి విడిపోయిన వేరే సంస్థ. పేరు చూసి చేరొద్దు.

రెండోది, మెడికల్ కాలేజీలో చేరడానికి రాసే ఎంక్యాట్ పరీక్షలో కార్స్ అని, పేరాలు చదివి జవాబులివ్వాల్సిన ఒక సెక్షన్ ఉంటుంది. 53 ప్రశ్నలు, 90 నిమిషాలు. అన్నీ సాహిత్యం, తత్వం, చరిత్ర, సమాజం మీద రాసిన పేరాలే, సైన్సు ఒక్కటీ ఉండదు. 2015 నుంచి సైకాలజీ, సోషియాలజీకి కూడా ఒక సెక్షన్ పెట్టారు. నేను ఏపీలతో ఇంగ్లీషు, చరిత్ర అన్నీ తప్పించుకుని నాలుగేళ్లూ సైన్సే చదివాను. తీరా చూస్తే కార్స్‌లోనే స్కోరు పడిపోయి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఒక పేరాలో రచయిత ఏం అనుకుంటున్నాడో, అతనికి ఎదుటివాడు ఏమంటాడో నాలుగైదు నెలల్లో కోచింగ్‌తో రాదు అంకుల్, ఎప్పటినుంచో చదువుతూ ఉండాలి. తన గులాబీ కోర్సుల్ని అన్నీ చెరిపెయ్యనివ్వకండి ప్లీజ్.

ఫ్రిస్కో నాన్న

అందరికీ పేరుపేరునా థాంక్స్. అడ్వైజర్ గారు చెప్పినట్టు నిన్న యూటీ డల్లాస్ ప్లాన్‌కి కూడా రంగులు వేయించాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే పెద్ద తేడా లేదు, ఈ సంగతి మాకు ముందే తెలిసుంటే పది రోజులు ఇంత గొడవ పడేవాళ్లం కాదు. మెడికల్ కాలేజీ విషయం చెప్పిన మెడికో గారికి ప్రత్యేకంగా, ఆ ఒక్క అపోహతోనే నేను సగం మొగ్గాను.

హ్యూస్టన్ అక్క రాసింది రాత్రి భోజనాలప్పుడు చదివి వినిపించాను. మా అమ్మ కూడా చిన్నప్పుడు పరిగె ఏరింది, కావలి దగ్గర. కొంగులో వేసుకొచ్చిన వడ్లు దంచుకుని ఆ పూట వండుకునేవాళ్లట. నేను ఈ సంగతి మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు. అది తినడం ఆపేసి, నానమ్మకి ఇప్పుడే ఫోన్ చెయ్యమంది. అక్కడ తెల్లవారి ఎనిమిదిన్నర, అమ్మ కాఫీ తాగుతోంది, ఇద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు.

వచ్చే శుక్రవారం ముగ్గురం వేకో వెళ్తున్నాం, చాపెల్‌లో కూర్చుని చూడొచ్చా అని మెయిల్ పెట్టాం. ఏపీ యూఎస్ హిస్టరీలో 4 వచ్చింది దానికి. అడ్వైజర్ గారూ, అది అక్కడ ఏ కోర్సు కింద లెక్కేస్తారో మెయిల్లో ఎలా అడగాలో ఒక నమూనా పెట్టగలరా?