అప్‌డేట్: పొద్దున్నే స్టార్ట్ కాని పాల వ్యాన్, కారణం దొరికింది

మా పాల వ్యాన్లలో ఒకటి (డీజిల్) రాత్రంతా ఆపి ఉంచితే, పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవడం లేదని, ఆ తర్వాత రోజంతా బాగానే తిరుగుతోందని అడిగాను కదా. సమస్య తీరింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"డీజిల్ లైన్లో గాలి పడుతోందేమో" అన్నవాళ్లదే కరెక్ట్. విజయవాడ ఆటోనగర్‌లో మా బండ్లన్నీ చూసే మేస్త్రి, ఫిల్టర్ దాటాక ఉండే పైపు తీసి, లోపల కనబడే ప్లాస్టిక్ గొట్టం బిగించి సెల్ఫ్ కొట్టించారు. డీజిల్‌తో పాటు సోడా కొట్టినట్టు బుడగలు! ట్యాంకు నుంచి ఫిల్టర్‌కొచ్చే రబ్బరు పైపు సరిగ్గా క్లిప్పు కింద సన్నగా చిట్లింది. పంపు లాక్కునే వైపు కాబట్టి డీజిల్ బయటికి కారలేదు, గాలే లోపలికి పోయింది. బండి ఆగాక లైన్లోని డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి దిగిపోయేది. అందుకే కింద మరక లేకపోయినా ఈ పైపు చూడాల్సిందే.

బ్యాటరీ, గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి ఇంజన్ లోపల వేడి పుట్టించేవి) టెస్ట్ చేస్తే బాగానే ఉన్నాయి. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పనే లేదు, ఆ ఖర్చు మిగిలింది. పైపు, క్లిప్పులు మార్చి గాలి తీశారు, అంతే. ఇప్పుడు మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది. అదే వయసున్న మిగతా వ్యాన్లకూ ఆ పైపులు మార్పించేశాను.