‘తట్టుకునే’ జీవులా, ‘కోరుకునే’ జీవులా?

ఎక్స్‌ట్రీమోఫైల్ అన్న మాటకు మన పత్రికలలో తరచుగా కనిపించే వివరణ ‘తీవ్ర పరిస్థితులను తట్టుకునే సూక్ష్మజీవి’ అన్నది. నా అభ్యంతరం ‘తట్టుకునే’ అన్న క్రియ మీద. తట్టుకోవడమంటే ఇష్టం లేనిదానిని ఓర్చుకోవడం. ఎండను తట్టుకుంటాం, దెబ్బను తట్టుకుంటాం, అన్నాన్ని తట్టుకుంటామని ఎవరూ అనరు.

ఉప్పుమడిలో నీరు చిక్కబడి ఉప్పు గింజ కట్టే వేళకు ఒక్కోసారి ఈ సూక్ష్మజీవుల వల్ల గులాబీ రంగుకు తిరుగుతుంది. ఉప్పు వేసి నిల్వచేసిన చేప మీద అప్పుడప్పుడు కనిపించే ఎర్రటి పొర కూడా అటువంటి జీవుల పనే. వాటిలో ఒకటి హాలోబాక్టీరియం (పేరు అలా ఉన్నా అది బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే సూక్ష్మజీవుల వర్గానికి చెందినది). లోపల పొటాషియం లవణాన్ని దట్టంగా నింపుకొని అది బయటి ఉప్పుతో సరితూగుతుంది, దాని కణకవచం సోడియం ఆసరాతోనే నిలబడుతుంది, అందువల్ల మంచినీటిలో వేస్తే ఆ కవచం విడిపోయి కణమే పగిలిపోతుంది. మనం మంచివన్న నీళ్లే దానికి ప్రాణాంతకం. ఇటువంటిదానిని ఉప్పును ‘తట్టుకునేది’ అనడం పొరపాటు కాదా? ‘లవణప్రియ’ అన్నదే దానికి తగిన పేరు. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల నుంచి థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ వేరుచేసి 1969లో వర్ణించిన థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా కూడా 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరే బాగా పెరుగుతుంది కనుక, అది ‘ఉష్ణప్రియ’.

డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ సంగతి వేరు. గామా కిరణాలతో శుద్ధిచేసిన డబ్బా మాంసంలో 1956లో బయటపడిన ఈ బాక్టీరియా, వికిరణం లేకుండానే హాయిగా పెరుగుతుంది. ముక్కలైన డీఎన్‌ఏను మళ్లీ అతికించుకోగలగడం దాని నేర్పు. 2005లో హైదరాబాదు నుంచి ఎగరేసిన బెలూను పై వాతావరణంలో సేకరించిన గాలిలో దొరికి, 2009లో ఇస్రో ప్రకటించిన మూడు కొత్త బాక్టీరియా జాతులూ అతినీలలోహిత కిరణాలను ఓర్చుకునేవే. వీటికి ‘ప్రియ’ తగదు, ‘సహ’ కావాలి: వికిరణసహ.

అన్నిటికీ కలిపి ఒక పేరు కావాలంటే ‘తీవ్ర’ కన్నా ‘విపరీత’ మేలని నా అభిప్రాయం. ‘వినాశకాలే విపరీతబుద్ధిః’ అన్నప్పుడు ఆ మాటకు తలకిందులైనదని అర్థమైనా, ‘విపరీతమైన చలి’ అనే తెలుగువారికి అది మితిమీరినదే. అయితే ‘విపరీతజీవి’ అంటే జీవే వికృతమైనదన్న ధ్వని వస్తుంది కనుక, ‘విపరీతస్థలవాసి’ అనాలని ప్రతిపాదిస్తున్నాను. ‘వాసి’ అన్నది ఇష్టాన్నీ చెప్పదు, ఓర్పునూ చెప్పదు. అందువల్ల రెండు తెగలూ అందులో ఇముడుతాయి.