లీప్ సెకండును ఎత్తివేయడం సబబేనా?

విజ్ఞానవార్త (చర్చ ప్రారంభం):
2022 నవంబరులో ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో జరిగిన అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ, 2035 నాటికి లేదా అంతకు ముందే లీప్ సెకండు పద్ధతిని పక్కన పెట్టాలని తీర్మానించింది. నేపథ్యం తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. 1967 నుంచి సెకండు అంటే భూభ్రమణంలో ఒక భాగం కాదు. సీజియం పరమాణువుకు చెందిన ఒక వికిరణం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు కంపించడానికి పట్టే కాలం. భూమి అంత నిక్కచ్చిగా తిరగదు కనుక, రెండింటి మధ్య తేడా 0.9 సెకండు దాటకుండా 1972 నుంచి ఇప్పటివరకు 27 సార్లు ఒక్కో సెకండు కలుపుతూ వచ్చారు. చివరిసారి కలిపినప్పుడు మనకు 2017 జనవరి 1 ఉదయం. ఆ రోజు 5:29:59 తరువాత 5:30:00 రాలేదు, మధ్యలో 5:29:60 అనే క్షణం ఒకటి వచ్చి పోయింది. ఇకమీదట అటువంటి క్షణాలు వద్దని, తేడాను చాలాకాలం పెరగనివ్వవచ్చని మహాసభ నిర్ణయం. ఇది సరైనదేనా అన్నది ప్రశ్న.

రాత్రిషిఫ్టు:
నూటికి నూరుపాళ్ళు సరైనది. నా అభిప్రాయం పుస్తకాలు చదివి ఏర్పడినది కాదు. 2012 జూలై 1 ఆదివారం తెల్లవారుజామున నేను హైదరాబాదులో ఒక సంస్థ సర్వర్లకు కాపలా ఉన్నాను. అంతకు ముందు రాత్రి నుంచి ఏమీ లేదు. టీ కప్పు చేతిలో ఉంది. సరిగ్గా ఐదున్నరకు జావా ప్రోగ్రాములు నడిచే యంత్రాలన్నింటిలో ప్రాసెసర్ వినియోగం ఒక్కసారిగా నూరు శాతానికి ఎగబాకింది. ఎవరైనా దాడి చేశారేమోనని మా మేనేజరును నిద్రలేపాను. ఆయన నన్ను తిట్టాక తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ రోజు కలిపిన లీప్ సెకండును లినక్స్ కెర్నల్‌లోని (యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాములోని) ఒక భాగం గ్రహించింది, మరొక భాగం గ్రహించలేదు. దానితో కాసేపు పడుకోవలసిన ప్రోగ్రాములన్నీ కన్ను మూసిన మరుక్షణమే "తెల్లారింది" అనుకుని లేచి, మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచి, యంత్రాన్ని ఊపిరాడనివ్వలేదు. విరుగుడు ఇంకా విచిత్రం. ఇప్పుడు టైము ఎంతో యంత్రాన్నే అడిగి, అది చెప్పిన టైమునే తిరిగి దానికి పెట్టమనే ఒక్క వరుస ఆదేశం ఇస్తే చాలు, అది శాంతించేది. రెడిట్ ఆ రోజే కూలింది, ఆస్ట్రేలియాలో విమాన ప్రయాణికుల చెక్-ఇన్ వ్యవస్థ ఆగి విమానాలు ఆలస్యమయ్యాయి. ఒక్క సెకండు కోసం ఇంత అవసరమా?

డల్లాస్‌దాసు:
మేము ఇక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని ఏకంగా గంట ముందుకూ, గంట వెనక్కూ తిప్పుతున్నాము. మార్చిలో ఒక ఆదివారం మా ఇంట్లో మైక్రోవేవ్ ఒక టైము, కారు ఒక టైము, మా అత్తగారు ఒక టైము చెబుతారు. ఆకాశం ఏమీ ఊడిపడలేదు. గంటను మింగిన యంత్రాలకు సెకండు గొంతులో అడ్డం పడిందంటే నమ్మశక్యంగా లేదు.

రాత్రిషిఫ్టు:
దాసుగారూ, మీ గంట కేవలం అద్దం మీద రాత. యంత్రం లోపల నడిచే అంతర్జాతీయ సమయానికి మీ మార్చి నెలతో సంబంధం లేదు. అది ఒకే తీరుగా సాగిపోతూ ఉంటుంది, మీకు చూపేటప్పుడు మాత్రం ఐదు గంటలు తీసివేయాలో ఆరు తీసివేయాలో చూసుకుంటుంది. లీప్ సెకండు అలా కాదు, అది పునాదిలోనే ఒక ఇటుకను జొప్పిస్తుంది. పైగా చాలా వ్యవస్థల లెక్కలో 60వ సెకండుకు చోటే లేదు కనుక, 59నే రెండుసార్లు చెబుతాయి. అంటే కాలం ఒక్క క్షణం వెనక్కు నడుస్తుంది. 2017 జనవరి 1న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ల పేర్లను యంత్రాల చిరునామాలుగా మార్చే) సేవలో కొంత భాగం పడిపోయింది సరిగ్గా అందువల్లే. తరువాతి సమయంలో నుంచి ముందరి సమయాన్ని తీసివేస్తే రుణసంఖ్య రాదని రాసినవారు నమ్మారు, వచ్చింది.

కాకినాడకాజా:
అసలు మనం ఏ సూర్యుడి కోసం ఈ సెకండును కాపాడుతున్నామో అర్థం కావడం లేదు. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అంటే మా కాకినాడది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర కనుక అక్కడి స్థానిక కాలం 16 నిమిషాలు వెనుక. గుజరాత్ పడమటి కొసలో ఆ తేడా దాదాపు గంట. పదహారు నిమిషాల అబద్ధాన్ని హాయిగా భరిస్తున్న హైదరాబాదువారు ఒక్క సెకండు నిజం కోసం పోట్లాడడం, ఏనుగు పోయిన ఇంట్లో చీమను వెదికినట్లు ఉంది.

తిథివారం:
సర్దుబాటు అంటేనే చిరాకుపడే ధోరణి ఇక్కడ కనిపిస్తోంది కనుక, వందల ఏళ్ళుగా సర్దుబాట్లతోనే బతికిన ఒక వ్యవస్థ గురించి చెప్పవలసి వస్తోంది. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు, సౌరసంవత్సరానికి 365 చిల్లర. ఏటా పేరుకునే ఆ పదకొండు రోజులను మన పంచాంగం ఇంచుమించు రెండున్నర, మూడేళ్ళకు ఒక అధికమాసంతో సరిపెడుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. ఒక సెకండు కాదు, నెలకు నెలే కలుపుతున్నాము; పెళ్ళిళ్ళవారు కొంచెం సణుగుతారు, అంతే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్లు, ప్రోగ్రాములలో తప్పులున్నాయని గడియారాన్ని ఆకాశం నుంచి విడదీయడం ఏమి న్యాయం?

సర్దకపోతే ఏమవుతుందో కూడా మన దగ్గరే సాక్ష్యం ఉంది. మకర సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అంటాము. కాని సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. మనం నక్షత్రాలను ఆధారంగా తీసుకున్నాము కనుక, భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల దాదాపు 72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరిగి, ఇప్పుడు 24 రోజుల ఎడం వచ్చింది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దీన్ని సరిచేయాలని చెప్పి, ఆ ప్రకారం 1957లో జాతీయ పంచాంగం వచ్చింది. దాన్ని గెజిట్లో, ఆకాశవాణిలో తప్ప ఎవరైనా చూశారా? తేడాను ఒకసారి పెరగనిచ్చాక సరిచేయడం ఎంత కష్టమో అదే చెబుతుంది.

రాత్రిషిఫ్టు:
తిథివారంగారూ, సంక్రాంతి ఉదాహరణ మీకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతోంది. ఇరవైనాలుగు రోజుల తేడాతోనే గొబ్బెమ్మలు పెట్టుకుంటున్నాము, కోళ్ళు కొట్టుకుంటున్నాయి, ఎవరికీ లోటు కనిపించలేదు. ఇక అధికమాసం సంగతి. రాబోయే వందేళ్ళలో ఏ ఏడు ఏ మాసం అధికమో మీరు ఇప్పుడే కూర్చుని లెక్కకట్టగలరు కదా? లీప్ సెకండును ఎవరూ అలా చెప్పలేరు. భూమి ఎలా తిరిగిందో చూసి, ప్యారిస్‌లోని భూభ్రమణ పరిశీలన కేంద్రం ఇంచుమించు ఆరు నెలల ముందు మాత్రమే "ఈసారి ఉంది" లేదా "ఈసారి లేదు" అని ప్రకటిస్తుంది. ఆరు నెలల ముందు మాత్రమే తెలిసే అధికమాసాన్ని ఊహించండి. కల్యాణ మండపాలవారు మీ మీద దావా వేస్తారు.

తిథివారం:
అది న్యాయమైన మాట. సర్దుబాటుకు సూత్రం ఉండడం వేరు, కబురు కోసం ఎదురుచూడడం వేరు. ఆ ఒక్క అంశంలో తగ్గుతున్నాను. కాని ఇది మా దృగ్గణితం, పూర్వగణితం తగాదాకు అచ్చం నకలు అని గమనించండి. పూర్వగణితంవారు సూత్రాన్ని నమ్ముతారు, దృగ్గణితంవారు ఆకాశంలో కనిపించినదాన్ని నమ్ముతారు, అందువల్లే ఒక్కో ఏడు పండుగ రెండు రోజులు వస్తుంది. మీ మహాసభ పూర్వగణితం పక్షాన చేరింది.

డల్లాస్‌దాసు:
యాభై ఏళ్ళలో 27 సెకండ్లు కలిపారంటే భూమి రెండేళ్ళకు ఒక సెకండు చొప్పున మందగిస్తోందన్నమాట. ఈ లెక్కన కొన్ని లక్షల ఏళ్ళలో ఆగిపోదా?

లెక్కలమాస్టారు:
దాసుగారూ, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఈ పొరపాటు ఏ తరగతిలోనైనా ఒకరు చేస్తారు, కనుక నొచ్చుకోకండి. నెమ్మదిగా నడిచే గడియారం వేరు, నానాటికీ మరింత నెమ్మదించే గడియారం వేరు. ప్రధానంగా చంద్రుడి వల్ల కలిగే ఆటుపోట్ల రాపిడితో రోజు నిడివి శతాబ్దానికి సుమారు 1.8 మిల్లీసెకండ్లు మాత్రమే పెరుగుతోంది. ఆ నష్టాన్ని లాభంగా జమకట్టుకుని చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. మరి సెకండ్లు ఎందుకు కలపవలసి వచ్చిందంటే, పరమాణు సెకండు నిడివిని 18, 19 శతాబ్దాల ఖగోళ పరిశీలనల మీద ఆధారపడి నిర్ణయించారు. అంటే మన కొలబద్ద పుట్టుకతోనే ఇంచుమించు 1820 నాటి రోజుకు సరిపోయేది. 1972 నాటికి రోజు దానికంటే దాదాపు 3 మిల్లీసెకండ్లు పొడవు. రోజుకు సెకండులో వెయ్యింట మూడు వంతుల చొప్పున ఏడాదికి వేసి చూడండి, సెకండుకు కాస్త పైగా వస్తుంది. తాతగారి కొలతలతో కుట్టిన చొక్కా మనవడికి బిగుతైనట్లు అనుకోండి.

పైగా ఇటీవల భూమి మందగించడం మాని వేగం పుంజుకుంది. 2024 జూలై 5న రోజు 24 గంటల కంటే 1.66 మిల్లీసెకండ్లు తక్కువ. భూగర్భంలోని ద్రవపు కదలికలు అందుకు కారణమని భావిస్తున్నారు. ఇదే సాగితే సెకండును కలపడం కాదు, తీసివేయవలసి వస్తుంది. 2024లో 'నేచర్' పత్రికలో వచ్చిన డంకన్ ఆగ్న్యూ పరిశోధన ప్రకారం, ధ్రువాల మంచు కరిగి నీరు భూమధ్యరేఖ వైపు చేరడం వల్ల భూమి కాస్త నెమ్మదించి, ఆ అవసరం 2026 నుంచి 2029కి వాయిదా పడింది. భూతాపం చేసిన ఏకైక ఉపకారం కాబోలు.

రాత్రిషిఫ్టు:
సెకండును తీసివేసే రోజు 5:29:58 తరువాత నేరుగా 5:30:00 రావాలి. కలపడానికి రాసిన ప్రోగ్రాములు 27 సార్లు పరీక్షకు కూర్చుని కూడా తప్పాయి. తీసివేతకు రాసినవి ఒక్కసారీ నిజంగా నడవలేదు. ఆ రాత్రి డ్యూటీ మాత్రం నాకు వేయవద్దని ఇప్పుడే లీవు పెట్టాను.

తిథివారం:
మాకు క్షయతిథి మామూలే. సూర్యోదయాన్ని తాకని తిథి ఆ పక్షంలో ఎగిరిపోతుంది, విదియ తరువాత చవితి వస్తుంది. క్షయమాసం కూడా ఉంది, 1982-83లో వచ్చింది, మళ్ళీ 2123-24లో గాని రాదు. మీవారు కావాలంటే మా దగ్గరకు శిక్షణకు రావచ్చు.

చుక్కలపురుగు:
నాకున్న అభ్యంతరం వేరు. ఆకాశం సెకండుకు 15 ఆర్క్‌సెకండ్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంది. గురుగ్రహ బింబం వెడల్పు సుమారు 40 ఆర్క్‌సెకండ్లు. గడియారం మూడు సెకండ్లు తప్పితే, ఎక్కువ వృద్ధిలో టెలిస్కోపును లెక్క ప్రకారం తిప్పి కన్ను పెట్టిన నాకు గురుడు తన వెడల్పంత పక్కకు తప్పుకుని కనిపిస్తాడు. పాత టెలిస్కోపులను నడిపే ప్రోగ్రాములలో ఎన్నింటిలో గడియారమే భూభ్రమణమని రాసిపెట్టారో ఎవరు వెదుకుతారు? సర్వర్ల బాధను తీర్చి ఆ బాధను మాకు అంటగట్టారు. భూభ్రమణ సమయాన్ని విడిగా ప్రకటిస్తారన్నది నిజమే, పెద్ద వేధశాలలు దాన్నే వాడతాయన్నదీ నిజమే. డాబా మీద కూర్చునే నావంటివాడి సంగతి వేరు.

రష్యా కూడా తొందర వద్దనే అన్నది. జీపీఎస్ వంటివే అయిన వారి గ్లోనాస్ ఉపగ్రహాలు లీప్ సెకండుతో కూడిన సమయాన్నే వాడతాయి. అమెరికా జీపీఎస్ మాత్రం 1980 నుంచి లీప్ సెకండ్లను పట్టించుకోకుండా, ఇప్పుడు 18 సెకండ్లు ముందు నడుస్తోంది.

విజ్ఞానవార్త:
గూగుల్ ఆ సెకండును 24 గంటల మీద పలుచగా పూస్తుందని, అందువల్ల గడియారం ఎక్కడా తుళ్ళిపడదని విన్నాను. అది చాలదా?

రాత్రిషిఫ్టు:
ఫేస్‌బుక్ వారి మెటా సంస్థ అదే సెకండును 17 గంటల మీద పూస్తుంది. అంటే ఆ పూట ఇద్దరి గడియారాలు కొంతసేపు ఒకదానితో ఒకటి సరిపోలవు. ఒకే పప్పును ఇద్దరు వంటవాళ్ళు వేర్వేరు గరిటెలతో తిప్పినా పరవాలేదు గాని, ఏ లావాదేవీ ముందు జరిగిందో తేల్చవలసినప్పుడు అర సెకండు తగాదా చాలా పెద్దది.

లెక్కలమాస్టారు:
తేడాను నిమిషం వరకు పోగుచేసి ఒకేసారి కలపాలనే సూచన కూడా ఉంది. నిమిషం పోగుపడడానికి ఇంచుమించు ఒక శతాబ్దం పట్టవచ్చు. ఏడాదిన్నరకోసారి వచ్చే పరీక్షే సరిగా రాయలేనివారు, తాతల నాటి ప్రోగ్రాములతో వందేళ్ళ పరీక్ష రాస్తారట. నేను ఎత్తివేతకు అనుకూలమే, కాని ఈ వాయిదా పద్ధతికి కాదు. కలపడం మానితే పూర్తిగా మానాలి. ఫిబ్రవరిలో నీడగడియారం మామూలు గడియారానికి 14 నిమిషాలు వెనుకబడి, నవంబరులో 16 నిమిషాలు ముందుంటుంది; సూర్యుడికే లేని పట్టింపు మనకెందుకు?

కాకినాడకాజాగారికి ఒక చిన్న సవరణ. 82.5 డిగ్రీల రేఖ కాకినాడ ఊరిమీదుగా పోదు, అక్కడికి తూర్పున సముద్రం మీదుగా వచ్చి, తునికి కాస్త పడమరగా పైకి వెళుతుంది.

కాకినాడకాజా:
పుస్తకాలన్నింటిలో మా ఊరి పేరు వేసి ఇప్పుడు తుని అంటే ఎలా మాస్టారూ? సరే, లెక్క వేశాను. మా అక్షాంశం దగ్గర భూమి సెకండుకు సుమారు 440 మీటర్లు తిరుగుతుంది. లీప్ సెకండు మానేస్తే, గడియారానికి సరిపోయే రేఖ ఒక్కో సెకండుకు అంత దూరం తూర్పుకు జరుగుతుంది. ఇప్పటివరకు ఆ 27 కలపకపోయి ఉంటే దాదాపు 12 కిలోమీటర్లు జరిగి, తునిని కూడా దాటిపోయి ఉండేది. వందేళ్ళకు నిమిషం చొప్పున జరిగితే ఆ ఘనత యలమంచిలి దిక్కుగా పోతుంది. నేను పక్షం మారుస్తున్నాను. లీప్ సెకండు ఉండవలసిందే.