నాన్న ఫోన్ వచ్చిన రాత్రి పక్క తడుపుతున్నాడు, ఏం చేయాలి?

భర్త దెబ్బలు భరించలేక మా చెల్లెలు వేసవి సెలవుల్లో ఇద్దరు పిల్లలతో విజయనగరంలోని మా ఇంటికి వచ్చేసింది. బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. పిల్లల మీద ఎప్పుడూ చెయ్యి పడలేదు గానీ, అన్నీ వాళ్ల కళ్ల ముందే జరిగాయి.

బాబు మూడేళ్లకే పక్క తడపడం మానేశాడు. ఇప్పుడు మళ్లీ మొదలైంది, రాత్రి రెండు మూడు గంటల మధ్య. వీధిలో బుల్లెట్ బండి ఆగితే చాలు, తింటున్న ముద్ద వదిలేసి వాళ్లమ్మను, పాపను వంటగదిలోకి నెట్టి, తలుపుకి వీపు ఆనించి కూర్చుంటాడు. బడికి బయల్దేరే ముందు కడుపునొప్పి అంటాడు. ఆదివారం ఆ నొప్పి ఉండదు. అమ్మను వదిలి వెళ్లడమే వాడి భయమని నాకనిపిస్తోంది.

మూత్రం, షుగర్ పరీక్షలు నార్మల్. ఇన్నేళ్లు మానేసి మళ్లీ మొదలైతే మనసులో టెన్షన్ కూడా కారణం కావచ్చని పిల్లల డాక్టరు అన్నారు. సాయంత్రం నీళ్లు తగ్గించాం, రాత్రి లేపి బాత్రూంకి తీసుకెళ్తున్నాం. మార్పు లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఓపిగ్గా విని, తిట్టొద్దు, సిగ్గుపరచొద్దు అన్నారు. అలాగే చేస్తున్నాం.

గమనించింది ఒకటుంది. వాళ్ల నాన్న బుధ, శనివారాల్లో రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తాడు. మర్యాదగానే మాట్లాడతాడు. బాబు "ఊఁ" తప్ప ఏమీ అనడు. పక్క తడిసేది ఎక్కువగా ఆ రాత్రులే. ఫోన్ ఆపితే తండ్రికి దూరం చేసినట్టేనని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. 2005 గృహహింస చట్టం కింద పిల్లల కస్టడీ కూడా అడిగాం, ఆర్డర్ ఇంకా రాలేదు.

ఇలాంటి పిల్లల్ని పెంచినవారు, కౌన్సెలింగ్ చేసేవారు చెప్పండి: ఈ ఫోన్లు కొంతకాలం పూర్తిగా ఆపాలా, లేక పగటి వేళకి మార్చి మాట్లాడించాలా?