"హియర్" రాయాలా, "హియరింగ్" రాయాలా?

ప్రశ్న (ఖమ్మం నుంచి)
నమస్కారం అండీ. నేను బీకాం చదివాను, ఒక చిన్న సంస్థలో అకౌంట్స్ చూస్తాను. పోయిన వారం వేరే ఉద్యోగానికి అప్లై చేస్తూ మెయిల్ చివర "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ" అని రాశాను. పంపేశాక మా తమ్ముడు చూసి, "హియరింగ్ అని ఉండాలి అక్కా" అన్నాడు. ఎందుకురా అంటే వాడికీ తెలియదు. టు తర్వాత ఐఎన్‌జీ రాదనే కదా స్కూల్లో చెప్పారు? "ఐ వాంట్ టు గోయింగ్" అనం కదా. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఏది కరెక్టో, ఎందుకో కాస్త విడమరిచి చెప్పండి.

జవాబు (నెల్లూరు నుంచి)
మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్. హియరింగే. నేను బట్టీ పట్టేశాను, కారణం ఎవరైనా చెబితే నాకూ ఉపయోగమే.

జవాబు (విజయనగరం నుంచి)
అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మీ స్కూల్లో చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు. ఇంగ్లీషులో టు రెండు రకాలు. "ఐ వాంట్ టు గో"లో టు క్రియతో కలిసి నడుస్తుంది. "ఐ వెంట్ టు ఖమ్మం"లో టు మన "కి, కు" లాంటిది, దాని పక్కన నామవాచకమే నిలబడుతుంది. లుక్ ఫార్వర్డ్ వెనకాల ఉన్నది ఈ రెండో టు. అక్కడ క్రియ పెట్టాలంటే ముందు దాన్ని నామవాచకంగా మార్చాలి. తెలుగులో మనం చేసేదీ అదే. "మిమ్మల్ని కలవడం కోసం ఎదురుచూస్తున్నాను" అంటాం, "కలువు కోసం" అనం. మన "డం" చేసే పని అక్కడ ఐఎన్‌జీ చేస్తుంది.

అనుమానం వస్తే టు తర్వాత సంక్రాంతి అని పెట్టి చూడమనేవాణ్ణి పిల్లల్ని. "లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి" కుదురుతుంది, కాబట్టి అక్కడ ఐఎన్‌జీ. "ఐ వాంట్ టు సంక్రాంతి" కుదరదు, కాబట్టి ఉత్త క్రియ.

ఇది చిన్న విషయం కాదమ్మా, అర్థమే మారిపోతుంది ఒక్కోసారి. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు పాలకేంద్రంలో పాలు పోసి బడికి వచ్చేవాడు. కాంపోజిషన్‌లో "ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫోర్" అని రాశాడు. "ఇప్పుడు మానేశావా?" అన్నాను. "లేదు మాస్టారూ, ఇవాళ కూడా లేచాను, అలవాటైపోయింది" అన్నాడు. అలవాటైపోయిందంటే "ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫోర్". వాడు రాసినదానికి, ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు లేదని అర్థం. తెల్లవారకముందే ఇంత పని చేసి వచ్చే పిల్లవాడి కష్టం ఆ వాక్యంలో లేకుండా పోయింది. ఎర్ర సిరాతో కొట్టేయబుద్ధి కాలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరం కలిసి దిద్దాం.

జవాబు (హైదరాబాద్ నుంచి)
మాస్టారు బాగా చెప్పారు. నా పని రోజూ రెజ్యూమెలు చూడటమే. మనవాళ్లు "లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై" అని కూడా చాలా రాస్తారు. మనసులో "కోసం" ఉంటుంది కదా, అందుకే ఫర్ వచ్చేస్తుంది. అక్కడా టు అనే రాయాలి. "అవెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై" కూడా తప్పే. వెయిట్‌కి ఫర్ కావాలి, అవెయిట్‌కి అక్కర్లేదు.

అక్కా, ఆ ఒక్క మాట కోసం మళ్లీ మెయిల్ పంపకండి. నేనైతే ఇలాంటిది చూసి ఎవరినీ పక్కన పెట్టను.

ప్రశ్న అడిగినవారు
చాలా థాంక్స్ సార్, సంక్రాంతి చిట్కా మా తమ్ముడికి కూడా చెప్పాను. ఇంకొక్కటి. ఇంటర్వ్యూకి పిలిస్తే జవాబులో "ఐ లుక్ ఫార్వర్డ్" అనాలా, "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్" అనాలా?

జవాబు (విజయనగరం నుంచి)
రెండూ కరెక్టే. మొదటిది కాస్త లాంఛనంగా ఉంటుంది, రెండోది దగ్గరివాళ్లతో మాట్లాడినట్టుంటుంది. ముఖపరిచయం లేని ఆఫీసుకు కాబట్టి "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ" అని రాయండమ్మా.