ఎంపీకి ఇండిపెండెంట్‌గా నిలబడటం దండగేనా? ఓడిపోయినవాడు అడుగుతున్నాడు

హాల్ట్ స్టేషన్:

2024 లోక్‌సభ ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడిపోయాను. నియోజకవర్గం పేరు చెప్పను, ఆంధ్రాలోనే అనుకోండి. వచ్చిన ఓట్లు 3,116. నోటాకి నాకన్నా నాలుగు రెట్లు ఎక్కువ పడ్డాయి, ఆ జోకు వేద్దామనుకునేవాళ్లు శ్రమ పడొద్దు, మా బావమరిది కౌంటింగ్ రోజు మధ్యాహ్నమే వేసేశాడు.

నిలబడింది ఒక్క రైలు కోసం. కరోనా టైంలో ఆగిపోయిన ప్యాసింజర్ బండి మళ్లీ మొదలైంది కానీ మా హాల్ట్‌లో ఆగడం మానేసింది. పొద్దున్నే కూరగాయల బుట్టలతో టౌనుకి వెళ్లే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ షేర్ ఆటోల పాలయ్యారు. మూడేళ్లు అర్జీలు పెట్టాం. నాకు జిరాక్స్ షాపు ఉంది, ఆ అర్జీలన్నీ కాపీలు తీసింది నేనే. రైలు సంగతి కేంద్రం చేతిలో ఉంటుంది కాబట్టి ఎంపీ ఎన్నికలోనే తేల్చుకుందామని నామినేషన్ వేశా.

ఇప్పుడు మా ఊళ్లో ఒక పెద్దాయన అంటున్నాడు, "నువ్వు వేసింది నామినేషన్ కాదురా, పాతిక వేలు పెట్టి ఇంకో అర్జీ ఇచ్చావు" అని. అది నిద్ర పట్టనివ్వడం లేదు. 2015లో లా కమిషన్ 255వ నివేదికలో అసలు ఇండిపెండెంట్లను పోటీకే అనుమతించొద్దని సిఫార్సు చేశారట, అదీ ఓడిపోయాకే చదివాను. కోపం వచ్చింది, కానీ రావాల్సినంత రాలేదు. మీరేమంటారు? మొహమాటం వద్దు.

లెక్కల మాస్టారు:

మొహమాటం లేకుండా లెక్క చెప్తాను. మొదటి లోక్‌సభకి 37 మంది ఇండిపెండెంట్లు గెలిచారు, 1957లో 42 మంది. విశాఖ నుంచి లంకా సుందరం గారు 1952లో అలాగే గెలిచారు. 1996కి వచ్చేసరికి పదివేల మందికి పైగా నిలబడితే గెలిచింది 9 మంది. మొన్న 2024లో 3,900 మందికి పైగా నిలబడితే 7 గురు.

ఆ ఏడుగురిలో కొందరు ఎవరో చూడండి. పూర్ణియాలో పప్పూ యాదవ్, అప్పటికే చాలాసార్లు ఎంపీ. సాంగ్లీలో విశాల్ పాటిల్, మాజీ ముఖ్యమంత్రి మనవడు, పొత్తులో సీటు వేరే పార్టీకి పోతే తిరగబడ్డ కాంగ్రెస్ మనిషి. బారాముల్లాలో ఇంజనీర్ రషీద్, ఖడూర్ సాహిబ్‌లో అమృత్‌పాల్ సింగ్ ఇద్దరూ జైల్లో ఉండి గెలిచారు. 2019లో మాండ్యలో సుమలత గెలిచారంటే వెనక భర్త, సినీనటుడు అంబరీష్ పేరుంది, బీజేపీ మద్దతుంది. జిరాక్స్ షాపు నుంచి లోక్‌సభకి దారి ఉందని ఈ జాబితా చూసి ఎవరైనా అంటారా? మీ మీద గౌరవం ఉంది సార్, కానీ ఆ పెద్దాయన మాటే కరెక్టు.

ఇందూరు పసుపు:

మాస్టారూ, గెలుపు ఒక్కటే లెక్క అయితే మీరు చెప్పింది నిజమే. మాది నిజామాబాద్. 2019లో మా దగ్గర 185 మంది నిలబడ్డారు, అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కొక్క బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు, అంటే మీటలుండే ఓటింగ్ పెట్టెలు, పెట్టాల్సి వచ్చింది, ఓటు వేయడానికి పోతే మన మనిషి పేరు వెతుక్కోవడానికే రెండు మూడు నిమిషాలు. అందరికీ డిపాజిట్లు పోయాయి. కానీ అప్పటి ముఖ్యమంత్రి కూతురు సిట్టింగ్ ఎంపీగా ఉండి ఓడిపోయింది, గెలిచినాయన పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చాడు, 2023లో బోర్డు ప్రకటించారు, 2025 సంక్రాంతికి నిజామాబాద్‌లోనే మొదలుపెట్టారు. మా నాన్న క్వింటాల్ పసుపు రేటు గురించి మాట్లాడితే ఊరి బయట వినేవాడు లేడు, ఆ ఎన్నికల్లో ఢిల్లీ నుంచి టీవీ వాళ్లు మా చేన్లకొచ్చారు.

అంతకుముందు 1996లో నల్గొండలో 480 మంది నిలబడ్డారు, వాళ్లలో చాలామంది ఫ్లోరైడ్ నీళ్ల సమస్య చెప్పడానికే. బ్యాలెట్ పేపర్ పుస్తకంలా అయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

లెక్కల మాస్టారు:

బోర్డు రావడానికి నాలుగేళ్లు పైనే పట్టింది కదమ్మా, పైగా అది గెలిచిన పార్టీ ఖాతాలో పడింది గానీ రైతుల ఖాతాలో కాదు. ఇంకో మాట, అది 178 మంది కలిసి చేసిన పని. ఒక్కడు నిలబడితే అది నిరసన అవుతుందా? నల్గొండ దెబ్బ తర్వాతే కదా 500 ఉన్న డిపాజిట్‌ని పదివేలు చేశారు, ఇండిపెండెంట్‌కి పది మంది ప్రపోజర్లు, అంటే పేరు ప్రతిపాదించే ఓటర్లు, కావాలని పెట్టారు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కడు చాలు. అంటే మీ నిరసన వల్ల తర్వాత వచ్చేవాడికి దారి ఇంకా ఇరుకైంది.

ఇందూరు పసుపు:

దారి ఇరుకు చేసింది మేము కాదు. ఆ కోపం ఎవరి మీద చూపాలో వాళ్ల మీద చూపండి. మరి నేను అమ్మను కాదు, తమ్ముణ్ని.

మూడో కన్ను:

అందరూ ఇండిపెండెంట్లు అనగానే పాపం అంటారేంటి? నేను పార్టీలో పనిచేశా, ఏ పార్టీ అని అడగొద్దు. సగం మంది డమ్మీలు. ఎదుటివాడి పేరే ఉన్న మనిషిని వెతికి మరీ నామినేషన్ వేయిస్తారు. 2019లో భువనగిరిలో కారు గుర్తు ఓడిపోయిన తేడా కన్నా చూడ్డానికి కారులా ఉండే రోడ్ రోలర్ గుర్తుకి పడ్డ ఓట్లు ఎక్కువ. 2024లో మన దగ్గర గాజు గ్లాసు గొడవ మర్చిపోయారా? జనసేన నిలబడని చోట్ల ఆ గుర్తు ఇండిపెండెంట్లకి ఇచ్చేసరికి కూటమి వాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. లా కమిషన్ ఊరికే రాసిందా? హాల్ట్ స్టేషన్ గారు నిజాయితీపరుడే కావచ్చు, కానీ ఓటరుకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

హాల్ట్ స్టేషన్:

తెలియదు. అదే నా బాధ కూడా.

నన్ను కూడా అడిగారు, "ఎవరు నిలబెట్టారు?" అని. మొదటి ఊళ్లోనే, మొదటి ఇంట్లోనే. నేనే నిలబడ్డా అంటే నవ్వి, మజ్జిగ ఇచ్చి, "మరి ఎంత ఇచ్చారు?" అన్నారు. కొన్ని రోజులకి నవ్వడం నేర్చుకున్నా.

కానీ రూల్స్ సంగతి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఇవి నిలబడితేగానీ తెలియవు. మన రాష్ట్రంలో నామినేషన్లకి ఆఖరి రోజు ఏప్రిల్ 25, ఉపసంహరణ 29. ఆ 29 సాయంత్రం దాకా నా గుర్తేంటో నాకే తెలియదు. మే 13 పోలింగ్, 11 సాయంత్రానికి ప్రచారం బంద్. అంటే పన్నెండు రోజుల్లో, ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లలో, పదిహేను లక్షల మందికి పైగా ఓటర్లకి నా గుర్తు కుట్టు మిషన్ అని చెప్పాలి. ఫ్యాను, సైకిలు వాళ్లకి ఆ పని ఏళ్ల కిందటే అయిపోయింది. ఓటింగ్ మిషన్ మీద పేర్ల వరస కూడా అంతే, ముందు గుర్తింపు ఉన్న పార్టీలు, తర్వాత ఊరూపేరూ లేని పార్టీలు, ఆఖరికి మేము. నా పేరు అక్షరమాలలో ముందే ఉన్నా పదిహేడోవాణ్ని, రెండో యూనిట్‌లో పైన.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. మనకి అసెంబ్లీ, లోక్‌సభ ఒకేసారి కదా. ఒక పెద్దావిడ, ఆ రైలెక్కి ముప్పై ఏళ్లు పూలు అమ్ముకున్న మనిషి, నా చేయి పట్టుకుని "రెండిట్లోనూ ఒకటే గుర్తు నొక్కమన్నారు నాయనా, తేడాగా నొక్కితే ఓటు చెల్లదంట" అంది. గులాబీ కాగితం ఉన్నది ఎమ్మెల్యేకి, తెల్ల కాగితం ఉన్నది ఎంపీకి, దేనికదే అని జేబులో ఉన్న కాగితం మీద గీసి చూపించా. అంతా విని, "నువ్వు మంచోడివే, ఎమ్మెల్యేకి నిలబడకపోయావా మరి" అంది. ఆమెకి ఎవరు అలా చెప్పారో నాకు తెలుసు, ఆయన మా ఇంటి పక్కనే ఉంటాడు, చెడ్డవాడేం కాదు.

డ్యూటీ టీచర్:

నేను నాలుగు ఎన్నికల్లో పీవోగా, అంటే బూత్ ప్రిసైడింగ్ ఆఫీసరుగా, చేశాను. పార్టీల తరఫున మాట్లాడను. పోలింగ్ ఏడింటికైతే ఐదున్నరకి మాక్ పోల్, అంటే మిషన్ పరీక్షకి ఉత్తుత్తి పోలింగ్, పెడతాం, కనీసం యాభై ఓట్లు వేయించాలి, ప్రతి అభ్యర్థికీ పడాలి. ఆ టైంకి పెద్ద పార్టీల ఏజెంట్లు టిఫిన్ పొట్లాలతో సహా దిగుతారు. ఇండిపెండెంట్లకి ఎవరూ ఉండరు, వాళ్ల మీటలు మేమే నొక్కుతాం. ఒకసారి ఒక ఇండిపెండెంట్ ఏజెంటు వచ్చాడు, పాస్ సరిగ్గానే ఉంది, తీరా చూస్తే రోజంతా పక్కనున్న పార్టీ ఏజెంటుకి ఓటర్ల లిస్టులో టిక్కులు పెడుతూ కూర్చున్నాడు. మూడో కన్ను గారు చెప్పిన డమ్మీ అంటే అదే, ఓట్లు చీల్చడానికే కాదు, బూత్‌లో ఇంకో కుర్చీ కోసం.

హాల్ట్ స్టేషన్ గారూ, మీకు ఎంతమంది ఏజెంట్లు ఉన్నారు?

హాల్ట్ స్టేషన్:

1,700 పైచిలుకు బూత్‌లకి పదకొండు మంది. అందులో ఇద్దరు మా పిల్లలు.

లెక్కల మాస్టారు:

సరే, నేను కొంచెం తగ్గుతాను. నిషేధించాలనడం నాకూ నచ్చదు, గెలిచాక పార్టీలో చేరితే సీటు పోతుందని రాజ్యాంగం పదో షెడ్యూల్‌లో ఉంది, ఆ కట్టుబాటు చాలు. కానీ నా ప్రశ్న మిగిలే ఉంది. అదే డబ్బు, అదే తిరుగుడు సర్పంచ్ ఎన్నికలో పెట్టి ఉంటే? అక్కడ పార్టీ గుర్తులు కూడా ఉండవు, గెలిచేవారేమో.

హాల్ట్ స్టేషన్:

సర్పంచ్ చెప్తే రైలు ఆగదు మాస్టారూ. కానీ మీరన్నది ఇంకో రకంగా తగిలింది. ఫారం 20లో బూత్‌ల వారీగా లెక్క ఉంటుంది, ఓడినవాళ్లెవరూ అది చూడకూడదు. నేను చూశా. మా హాల్ట్ పక్కనున్న నాలుగు బూత్‌లు కలిపితే 412. ఆ రైలెక్కేవాళ్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు అంతకి మూడింతలైనా ఉంటారు. మిగతా 2,700 చిల్లర ఓట్లు నేను మొహం కూడా చూపించని మండలాల్లో పడ్డాయి, బహుశా కుట్టు మిషన్ చూసి ఏ టైలర్లో వేసుంటారు. అంటే నా సమస్య తెలిసినవాళ్లలోనే మూడో వంతు మంది కూడా ఓటు వేయలేదు. దీనికి గుర్తు ఆలస్యంగా ఇచ్చారని, ఏజెంట్లు లేరని చెప్పి తప్పించుకోలేను. వాళ్లు రైలుకి ఓటు వేయలేదు, పింఛనుకి, పొలానికి, కులానికి, ముఖ్యమంత్రి ఎవరవ్వాలి అన్నదానికి వేశారు. వాళ్లకి అవి రైలు కన్నా పెద్దవి. నేను ఒక్క సంగతి పట్టుకుని వెళ్లి, దాన్నే వాళ్ల జీవితం మొత్తం అనుకున్నాను.

అయినా మళ్లీ నిలబడతానా అంటే, నిలబడనని నోరు రావడం లేదు.

మూడో కన్ను:

ఖర్చెంతయింది? నిజం చెప్పండి.

హాల్ట్ స్టేషన్:

పరిమితి 95 లక్షలు. నాది డిపాజిట్‌తో కలిపి 1,83,000. ఖర్చుల రిజిస్టర్ మూడుసార్లు తీసుకెళ్లి చూపించాలి, మొదటిసారి అక్కడున్నాయన పేజీలు తిప్పి "మిగతా పుస్తకం ఏదండీ?" అన్నాడు. ఫలితాలొచ్చిన ముప్పై రోజుల్లో ఆఖరి లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులం అవుతాం, ఆ భయంతో పదో రోజే ఇచ్చేశా.

ఇందూరు పసుపు:

అన్నా, రైలు సంగతి చెప్పలేదు. ఆగుతోందా?

హాల్ట్ స్టేషన్:

లేదు తమ్ముడూ. కానీ పోయిన నెల గెలిచినాయన ఆఫీసు నుంచి ఒక కుర్రాడు షాపుకొచ్చి, ఆ హాల్ట్ గురించి పాత అర్జీలన్నీ ఒక సెట్ కావాలన్నాడు. అవి మొత్తం నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేవని ఎవరో చెప్పారట.

మూడో కన్ను:

ఇచ్చారా? ఊరికేనా?

హాల్ట్ స్టేషన్:

118 పేజీలు అండీ. పేజీకి రెండు రూపాయలు. తీసుకున్నా.