అప్‌డేట్: జేఆర్‌ఎఫ్ రాకున్నా స్టైపెండ్‌తో పీహెచ్‌డీ సీటు దొరికింది

మాది హనుమకొండ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. సీఎస్‌ఐఆర్ నెట్ (సైన్స్ సబ్జెక్టుల జాతీయ అర్హత పరీక్ష)లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కే అర్హత వచ్చింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా డబ్బులిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు, పీహెచ్‌డీకి ఫండింగ్ ఎలా అని ఇక్కడ అడిగాను. జవాబులిచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.

పనిచేసింది "ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్ పోస్టులు చూడు" అన్న సలహా. అంటే ఒక పరిశోధన ప్రాజెక్టు నిధుల నుంచే స్టైపెండ్ ఇచ్చే పోస్టులు. కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్‌కు నా నెట్ స్కోరు సరిపోతుంది, గేట్ పరీక్ష స్కోరు ఉన్నా చాలు. 2023 జనవరి నుంచి నెలకు 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం). ఈ పోస్టులు అడ్మిషన్ల పేజీలో కాదు, సంస్థ వెబ్‌సైట్లో రిక్రూట్‌మెంట్ విభాగంలో వస్తాయి. వరంగల్ నిట్, హైదరాబాద్ సంస్థల పేజీలు రోజూ చూసేదాన్ని.

ఇంటర్వ్యూలో నా ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటికాలను పరీక్షించే పద్ధతి) గ్రాఫ్ మీద వేలు పెట్టి, ఈ పీక్ ఎందుకింత వెడల్పుగా ఉందని అడిగారు. స్ఫటికాలు నానో సైజులో ఉండటం వల్ల అని లెక్కతో సహా చెప్పాను. మిగతావన్నీ మామూలు ప్రశ్నలే.

అచ్చయిన రీసెర్చ్ పేపర్లు లేవన్న టెన్షన్ అనవసరం, ఎవరూ అడగలేదు. కన్సల్టెన్సీ అవసరమే పడలేదు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూసుకోండి: ప్రాజెక్టులో చేరినంత మాత్రాన పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు, దానికి వేరే అప్లికేషన్ ఉంటుంది. ప్రాజెక్టు గడువు ఇంకా ఎంత మిగిలిందో చేరేముందే ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్‌ను అడగండి.